బడికెళ్ళే ముడి

ఆ బడిలో పిల్లలు లెక్కల టీచరమ్మ మొహం చూసేవాళ్ళు కాదు, ముడి చూసేవాళ్ళు. ముడి నడినెత్తికి దగ్గరగా, ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా బిగిసి ఉందంటే ఆ రోజు పరీక్ష పెట్టడం ఖాయం. కాస్త కిందకి జారి మెడ మీద కూర్చుందంటే పాఠం సగంలో ఆపి ఏదో ఒక కబురు చెబుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే బడి. ఇన్నేళ్ళలో ఆవిడ జుట్టు విప్పుకుని ఉండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాటకొస్తే కట్టుకున్నవాడు కూడా సరిగ్గా చూడలేదు.

కట్టుకున్నవాడు మోటార్లు చుట్టే మేస్త్రి. కాలిపోయిన నీళ్ళ మోటారో, ఆగిపోయిన ఫ్యానో తెచ్చి బల్లమీద పెడితే చాలు. మాడిన తీగంతా పీకి అవతల పారేసి, సన్నటి రాగి తీగని మళ్ళీ వరసగా చుట్టి, వార్నిష్ పట్టించి, కొత్తదానిలా తిప్పి చూపిస్తాడు. ఆయన చుట్టిన మోటారు రెండోసారి షాపుకి రాదని పేరు. మాట తక్కువ, కోపం కూడా తక్కువే. పొద్దున్నే ఆయన టిఫిన్ తినే వేళకి ఆవిడ గది తలుపేసుకుని తల దువ్వుకునేది. తలుపు తీసేసరికి ముడి సిద్ధంగా ఉండేది. లోపల ఏం జరుగుతుందో ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పిల్లలు లేని ఇల్లు కావడంతో ఆ తలుపు తట్టే మూడో మనిషి కూడా లేడు.

వేసవి సెలవులకి వారం ముందు, బోర్డు మీద లెక్క చేస్తూ ఉండగా ఆవిడ చేతిలో చాక్‌పీసు జారి కింద పడింది. తీసుకుందామని వంగితే చెయ్యి రాలేదు. "ఎవరైనా తీసివ్వండి" అనబోతే మాట ముద్దయిపోయింది. అంత అల్లరి క్లాసులోనూ ఒక్కరు నవ్వలేదు. ఇద్దరు పిల్లలు పరిగెత్తుకెళ్ళి హెడ్‌మాస్టర్ని పిలుచుకొచ్చారు.

పక్షవాతం. తొందరగా తీసుకొచ్చారు కాబట్టి గండం గడిచిందన్నాడు డాక్టరు. వారానికి మాట తిరిగింది. నెల తిరిగేసరికి ఎవరి ఆసరా లేకుండా నడిచింది. కుడిచెయ్యి మాత్రం గుండెల దాకా లేచి అక్కడే ఆగిపోయింది. అన్నం కలుపుకోవడానికీ, ఒళ్ళో పలక పెట్టుకుని వంకరటింకరగా రాసుకోవడానికీ పనికొస్తుంది. తలదాకా వెళ్ళమంటే వెళ్ళదు.

ఆ నెలా ఆవిడ అక్క వచ్చి ఉంది. వంటావార్పూ చూసుకునేది, రోజూ చెల్లెలి తల దువ్వి ఏదో ఒకలా చుట్టి పెట్టేది. వెళ్ళేరోజు సంచి సర్దుకుంటూ మేస్త్రితో అంది, "మరిదిగారూ, దీని జుట్టు నడుం దాటి ఉంది. రేపట్నుంచి ఎవరు దువ్వుతారు? పొట్టిగా కత్తిరించేయండి, పీడా పోతుంది."

"నేనూ అదే అనుకుంటున్నా అక్కా," అంది టీచరమ్మ, కరివేపాకు ఏరుతున్నంత మామూలుగా.

అక్క వెళ్ళాక మూడు రోజులు తలకి స్కార్ఫు కట్టుకుని తిరిగింది. నాలుగో రోజు, "పార్లర్ దాకా తోడు రండి," అంది.

పార్లర్ ఆ వీధి చివరే. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, గోడవారగా ఒక బల్ల. మేస్త్రి బల్లమీద కూర్చున్నాడు. పార్లరావిడ స్కార్ఫు విప్పి, జుట్టంతా కుర్చీ వెనక్కి జారవిడిచి, "అబ్బ!" అంది. చాయ తక్కువైన నలుపులో అక్కడక్కడా తెల్ల పాయలతో అది కుర్చీ కిందకి వేలాడింది.

"ఎందాకా తియ్యమంటారు?"

"మెడదాకా. నా ఎడంచెయ్యి ఒక్కటే దువ్వుకోగలిగినంత."

పార్లరావిడ కత్తెర తీసింది. టీచరమ్మ అద్దంలోకి చూడలేదు. ఒళ్ళోకి చూస్తోంది. ఒక పాయ భుజం మీదుగా ముందుకి పడితే, దాని కొస ఎడంచేత్తో పట్టుకుంది.

"చెయ్యి తియ్యండమ్మా."

తియ్యలేదు.

"అమ్మా, చెయ్యి."

"ఆగండి," అన్నాడు మేస్త్రి. అంతవరకూ ఆయన అక్కడ ఉన్నాడన్న సంగతే ఆడవాళ్ళిద్దరూ మర్చిపోయారు. "నేను వేస్తా."

"ఏం వేస్తారు?" అంది పార్లరావిడ.

"ముడి."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ, టీచరమ్మ మొహం చూసి మింగేసింది.

బయటికొచ్చాక వీధిలోనే తగులుకుంది టీచరమ్మ. "జుట్టు నాది. ఉంచుకుంటానో తీసేస్తానో నా ఇష్టం. మధ్యలో ఆగండనడానికి మీరెవరు?"

"నువ్వు కొస వదల్లేదుగా."

ఆవిడ నాలుగడుగులు ముందుకి నడిచింది. తర్వాత క్లాసులో గడువు పెట్టినట్టు చెప్పింది. "బడి తెరవడానికి పదిహేను రోజులుంది. ఈలోపు నాలుగు ముడులూ మీకు రావాలి. రాకపోతే నేనొక్కదాన్నే వచ్చి కత్తిరించుకుంటా. మీరు ఆ బల్లమీద కూడా కూర్చోకూడదు."

"నాలుగేంటి? ముడి అంటే ముడేగా!"

టీచరమ్మ ఆగిపోయి, రెండూ రెండూ ఐదన్న పిల్లాణ్ణి చూసినట్టు మొగుణ్ణి చూసింది. "ముప్ఫై ఏళ్ళు రోజూ చూస్తూ ఇంతేనా మీరు నేర్చుకుంది?"

ఇంటికెళ్ళాక చెప్పింది. ఇంట్లో పనిచేసుకునేటప్పుడు వేసేది వేలుముడి. పిన్ను కూడా అక్కర్లేదు, జుట్టుని వేలికి చుట్టి దాన్లోంచే కొస లాగేస్తే నిలబడుతుంది. బడికి ఎత్తుముడి, గట్టిగా, వల కప్పి. ఎగిరే పిల్లల మధ్య ఎనిమిది గంటలు నిలబడాలి కదా మరి. పెళ్ళిళ్ళకీ వేడుకలకీ అయితే జడ అల్లి, ఆ జడని మెడ మీద పెద్ద చుట్టలా చుట్టాలి. ఇక నాలుగోది జారుముడి. ఎవరైనా పోయినప్పుడు పలకరింపుకి వెళ్ళేటప్పుడు వేసుకునేది.

"దానికీ ఒక ముడా?"

"బాధలో ఉన్నవాళ్ళ ముందుకి తల బిగించి దువ్వుకెళ్తే దర్యాప్తుకొచ్చిన పోలీసులా ఉంటుందండీ. కాస్త వదులుగా ఉండాలి. మనం కూడా గబగబా బయల్దేరి వచ్చినట్టు ఉండాలి."

 మేస్త్రికి తన తల్లి పోయిన రోజు ఈవిడ మెడ మీద జుట్టు వదులుగా ఉండటం లీలగా గుర్తుంది. ఆ కంగారులో దువ్వుకోలేదనుకున్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట షాపు తలుపు దగ్గరగా వేసి, పార్లర్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎండకి ఆ వేళప్పుడు గిరాకీ ఉండదు. పార్లరావిడ దగ్గర జుట్టు పెట్టిన బొమ్మ తలకాయ ఒకటి ఉంది. దాన్ని బల్లకి బిగించి ఇచ్చింది. మేస్త్రి జుట్టు పట్టుకుని, తీగ లాగినట్టు లాగి చుట్టాడు. చుట్టు మీద చుట్టు ఎక్కకుండా చక్కగా వచ్చింది. తల పైకెత్తి చూశాడు, శభాష్ అంటుందేమోనని.

"బతికున్న మనిషైతే ఈపాటికి వీధిలోకి పరిగెత్తి అరిచేది," అందావిడ. "అది రాగి కాదు మేస్త్రిగారూ. కింద చర్మం ఉంది, దాని కింద మనిషి ఉంది."

"వదులైతే ఊడిపోదా?"

"బిగింపు లాగుడులో లేదు, మెలికలో ఉంది. ముందు తాడులా మెలిపెట్టండి. ఆ మెలికే దాన్ని పట్టుకుంటుంది. ఇక పిన్ను. పిన్ను గుచ్చడం కాదు, పట్టించడం. చుట్టలోంచి కాస్త, తల మీది జుట్టులోంచి కాస్త తీసుకుని, అదిగో అలా తిప్పి, లోపలికి తొయ్యండి."

ఇంజనీరింగు చదివినవాళ్ళకి కూడా వైండింగ్ లెక్కలు చెప్పిన మనిషి, ఒక పిన్ను తిప్పడం దగ్గర తలప్రాణం తోకకి తెచ్చుకున్నాడు. మూడు రోజులకి బొమ్మ తల మీద ముడి నిలబడింది. ఊపితే ఊడలేదు.

అసలు తల దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది. టీచరమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని, ఆయన వెనక కుర్చీలో కూర్చుంటే, పొద్దున్నే అరగంట యుద్ధం. "అబ్బా", "లాగకండి", "దువ్వెన కొసల నుంచి మొదలెట్టాలని ఎన్నిసార్లు చెప్పాలి!" ముడి అయ్యాక ఆవిడ తల అటూ ఇటూ తిప్పి, ఎడంచేత్తో తడిమి, పదికి ఇన్నని మార్కులు వేసేది. మొదటిరోజు ఒకటిన్నర.

"ఆ అర దేనికి?" అన్నాడాయన.

"కష్టపడ్డందుకు."

ఐదో రోజున తలస్నానం చేసి ఆరబెట్టుకున్న జుట్టు చేతిలో చేపలా జారిపోతోంది. నాలుగుసార్లు వేస్తే నాలుగుసార్లూ ఊడింది. ఆయన విసుగ్గా పాపిడి పక్కనుంచి జుట్టంతా ఎత్తి పట్టుకునేసరికి, నడినెత్తి మీద రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దగా, ఒక చోట జుట్టే లేదు. నున్నగా, పాలిపోయిన చర్మం. ఆయన చేతులు ఆగాయి. ఆవిడ వీపు కర్రలా బిగుసుకుపోయింది.

తలుపు వేసుకుని దువ్వుకోవడం ఎందుకో ఆయనకి అప్పుడు అర్థమైంది. పక్క జుట్టు తెచ్చి దాని మీద కప్పి, దాని పైన ముడి కూర్చోబెట్టడం ఒక్క రోజు పని కాదు. ఎన్నేళ్ళ నుంచి చేస్తోందో! అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు. ఈ నాలుగు రోజులూ దువ్వెన నడినెత్తికి చేరకముందే ఎడంచేత్తో పైపాయ అదిమిపెట్టుకుని కూర్చుంటోంది. ఇంకొకరి చేతికి తల అప్పగించాల్సి వచ్చినప్పుడు, తలకాయంత భారం దించుకున్నట్టు జుట్టే తీసేయమంది.

అడుగుదామనుకున్నాడు. ఎప్పట్నుంచి అనో, డాక్టరుకి చూపించావా అనో. ఏదడిగినా ఆ వీపు మెత్తబడదనిపించింది. దువ్వెన తీసుకుని పాపిడిని అరంగుళం ఎడమకి జరిపాడు. కుడివైపు పాయని అడ్డంగా తెచ్చి ఆ చోటు మీద పరిచి, రెండు చిన్న పిన్నులతో పట్టించి, మిగతా జుట్టు మెలిపెట్టి సరిగ్గా దాని మీద చుట్టాడు. ఈసారి ఊడలేదు.

టీచరమ్మ చాలాసేపు తడుముకోకుండా కూర్చుంది. తర్వాత ఎడంచెయ్యెత్తి ఆ చోటు మీద వేలు పెట్టి చూసింది.

"ఏడు," అంది.  "కాఫీ పెట్టమంటారా?"

గడువు తీరేలోపు ఆయనకి నాలుగు ముడులూ వచ్చేశాయి. బడి తెరిచిన రోజు టీచరమ్మ ఎత్తుముడితో వెళ్ళింది. కుడిచెయ్యి సంచి తాడుకి తగిలించి, ఎడంచేత్తో చాక్‌పీసు పట్టుకుని, బోర్డు మీద ఏనుగు కాళ్ళంత అంకెలు వేసింది. పిల్లలు ముడి చూశారు, గబగబా పుస్తకాలు తెరిచారు. ఆ సంగతి సాయంత్రం చెప్పి, చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది.

అలా నెల రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత పాడుచేసింది మేస్త్రి నోరే.

ఆయన షాపు పక్కన టైర్ల షాపు, దాని పక్కన వెల్డింగ్ షాపు. సాయంత్రం టీ వేళకి ముగ్గురూ మేస్త్రి బల్ల చుట్టూ చేరతారు. టైర్లాయన గొంతు పెద్దది. ఆయన నవ్వితే వీధి అవతల వాళ్ళు కూడా ఎందుకో తెలియకుండా నవ్వుతారు. ఆ రోజు మేస్త్రి కింద పడ్డ స్క్రూ కోసం వంగితే చొక్కా జేబులోంచి మూడు హెయిర్‌పిన్నులు జలజలా రాలాయి.

"ఓరి నాయనో!" అన్నాడు టైర్లాయన, ఒకటి తీసి దీపం కింద పట్టుకుని. "ఏంటి మేస్త్రీ, ఈ వయసులో ఇదేం పని? ఎవరివి?"

"మా ఇంటావిడవి."

"ఇంటావిడ పిన్నులు నీ జేబులోకెందుకొచ్చాయి? కొంపదీసి నువ్వే జడలేస్తున్నావా ఏంటి?" వెల్డరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి.

"నేనెందుకేస్తా? పార్లరావిడ ఇంటికొచ్చి వేసిపోతోంది. ఇల్లంతా పిన్నులే," అన్నాడు. అక్కడితో ఆగినా పోయేది. "ఆడాళ్ళ తలలు దువ్వుకుంటూ కూర్చుంటే మోటార్లు ఎవరు చుడతారయ్యా? ఆ పని చేసే మొగాణ్ణి అనుకున్నావా నన్ను?"

వెల్డరు నవ్వు ఆగిపోయింది. వాకిట్లో టీచరమ్మ నిలబడి ఉంది. బస్సు దిగి, ఇంటి తాళం చెవి మర్చిపోయి, షాపుకొచ్చింది. మొగుడి దగ్గరున్న తాళం చెవి అడిగి తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన దువ్వెన పట్టుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ తలకి స్కార్ఫు కట్టుకుని ఉంది.

"తల దువ్వాలిగా?"

"మోటార్లు ఎవరు చుడతారండీ?" అంది, గిన్నెలోంచి చూపు తీయకుండా.

"ఏదో వాళ్ళు ఎగతాళి చేస్తారని..."

"తెలుసు. నన్ను చూసి కూడా ఎగతాళి చేసేవాళ్ళున్నారు, ఏనుగు అంకెలు వేస్తోందని. నేను వేయడం మానలేదు."

నాలుగు రోజులు స్కార్ఫుతోనే బడికి వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ మేస్త్రికి పని మీద మనసు నిలబడలేదు. ఒక ఫ్యాను తిరగాల్సిన వైపుకి ఎదురు తిరిగింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. క్షమించమని అడగడం ఆయనకి తెలియక కాదు. కానీ ఆ మాట అన్నది నలుగురి ముందు. వంటింట్లో చెప్పే క్షమాపణ దానికి సరిపోదని ఆయనకే తెలుసు. నలుగురి ముందు నోరు తెరిచే ధైర్యమేమో కూడటం లేదు.

ఐదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి షాపులు అప్పుడే తెరుస్తున్నారు. టైర్లాయన టైర్లు బయటికి దొర్లిస్తున్నాడు, వెల్డరు పళ్ళు తోముకుంటున్నాడు. వీధి ఆ చివర నుంచి టీచరమ్మ నడిచొస్తోంది. స్కార్ఫు లేదు. జుట్టు మొత్తం విప్పుకుని, నడుం దాకా గాలికి ఎగురుతుంటే, భుజాన సంచితో బడికి వెళ్ళే చీరలో తిన్నగా వచ్చింది. పాలు పోయించుకుంటున్నవాళ్ళు ఆగి చూశారు. ఆవిడ ఎటూ చూడలేదు. మేస్త్రి షాపు ముందు ఆగి, సంచిలోంచి దువ్వెనా, వలా, పిన్నుల డబ్బా తీసి బల్లమీద ఒక మోటారు పక్కన పెట్టింది.

"ఎనిమిదిన్నరకి నా బస్సు," అంది. "ఈ రోజు పరీక్ష ఉంది. పార్లర్ ఇంకా తెరవలేదు. మీకు చేతకాకపోతే చెప్పండి, ఇలాగే వెళ్తాను."

టైర్లాయన చేతిలో టైరు దొర్లిపోయి గోడకి తగిలి పడింది. ఆయన దాన్ని లేపలేదు.

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. కోపం ఉంది. కోపం వెనక ఇంకేదో కూడా ఉంది. ఆయన గుడ్డతో చేతులకున్న వార్నిష్ తుడుచుకున్నాడు. పోలేదని సబ్బు పెట్టి కడుక్కున్నాడు. తను కూర్చునే స్టూలు తెచ్చి వాకిట్లో, వెలుతురు పడేచోట వేశాడు.

"కూర్చో."

కొసల నుంచి దువ్వడం మొదలుపెట్టాడు. గాలికి చిక్కులు పడి ఉన్నాయి. ఒక్కొక్క చిక్కూ వేళ్ళతో విడదీశాడు. పాపిడి ఎడమకి జరిపి, వీధి వైపు తన వీపు అడ్డంపెట్టి, నడినెత్తి మీద పాయ పరిచాడు. ఎవరికీ ఏమీ కనబడలేదు. మెలిపెట్టి, చుట్టి, కుడిచేత్తో పట్టుకుని పిన్నుల కోసం చూస్తే డబ్బా అందనంత దూరంలో ఉంది. ఎదురుగా టైర్లాయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఊరికే నిలబడకపోతే ఆ డబ్బా పట్టుకుని ఒక్కొక్కటీ అందివ్వు," అన్నాడు మేస్త్రి. "మొన్న నేను అబద్ధం చెప్పా. ఏ పార్లరావిడా రావడం లేదు. మా ఆవిడ తల రోజూ నేనే దువ్వుతున్నా. నవ్వుతావో, ఏడుస్తావో, పిన్ను మాత్రం వంకర లేనిది ఇవ్వు."

టైర్లాయన నవ్వలేదు. నల్లటి వేళ్ళని లుంగీకి తుడుచుకుని, పిన్నులు ఒక్కొక్కటీ జాగ్రత్తగా అందించాడు. ఎనిమిదో పిన్ను దగ్గర గొంతు తగ్గించి, "ఇది తిప్పి తోస్తావే, అది మళ్ళీ చూపించు మేస్త్రీ," అన్నాడు. "మా అమ్మకి భుజాలు పట్టేశాయి. పొద్దున్నే మా చెల్లెలొచ్చేదాకా జుట్టు విరబోసుకుని కూర్చుంటుంది."

మేస్త్రి మళ్ళీ చూపించాడు. వల కప్పి, చెవుల దగ్గర సరిచేసి, "అయింది," అన్నాడు. టీచరమ్మ లేచి, తడుముకోకుండానే సంచి భుజాన వేసుకుంది. బస్సు మలుపు తిరుగుతోంది. నడవడం మొదలుపెట్టి, రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి, "మధ్యాహ్నం క్యారేజీలో పెరుగు వేరే పెట్టాను, ఒలకబోసుకోకండి," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి వీధి గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆయన పక్కన కూర్చున్నాడు. 

"ఎడం చెవి పక్కన బాగా లాగింది ఇవాళ," అంది.

"అందరూ చూస్తుంటే కంగారులో బిగించేశా."

"నాకు మాత్రం కంగారు లేదా?" ఆవిడ చీర అంచు సర్దుకుంది. "ఇక్కణ్ణుంచి షాపుకి ఎంత దూరమని? మూడు వందల అడుగులు ఉంటుందేమో. గాలికి జుట్టు లేచి నెత్తి కనబడుతుందేమోనని ప్రతి అడుగుకీ వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నా. మీరు చేతకాదనేసి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు."

 ఆయన ఆ చెవి పక్కన వేలితో మెల్లగా నొక్కి చూశాడు.

"ఇక్కడేనా?"

"ఆ, అక్కడే."

"పిన్నులు తీసేయనా?"

"తీసేయండి," అంది టీచరమ్మ, తల ఆయన వైపు వంచుతూ.